పొలములో పాలేరునకు ఇల్లు



పూర్వము పాలేరు ఊరిలోని తన యింటినుండి కోడికూత వేళ బయలుదేరి పొలమునకు వచ్చి, చీకటిపడిన పిమ్మట మరలిపోయెడివాడు. ఇపుడు బోరుబావులు, నిమ్మ మామిడి తోటలు, కోళ్ళ షెడ్లు, చేపల చెఱువులు హెచ్చినందున రాత్రింబవళ్ళు అచటనే కనిపెట్టియుండు మనిషి కావలసి వచ్చుచున్నాడు. కావున మనలో అనేకులు మోటారు షెడ్డు ప్రక్కను ఒక గదియో, తాటాకు పాకయో వేసి, ఒక కుటుంబమును అచట నిలుపుచున్నారు.

అట్లు నిలిపిన దినమునుండి రైతు పని చేయించుకొను యజమాని మాత్రమే కాడు. ఇంటి యజమానియు నగుచున్నాడు. పనివానిపై కోపగించి రేపటినుండి రావలదనుట ఒక సంగతి; ఒక సంసారమును రేపటినుండి నిలువనీడ లేకుండ చేయుట మఱియొక సంగతి. ఈ భేదము తెలియకయే పెక్కు తగవులు పుట్టుచున్నవి. ఈ పాఠమున నేను చెప్పదలచినది ఒక్కటే: ఇల్లు వేఱు, జీతము వేఱు, అప్పు వేఱు. ఈ మూటిని మూడు పుటలలో వ్రాసికొన్న రైతు నెమ్మదిగా నిదురించును. ఒకే ముడిగా వేసినవాడు తాను చిక్కుపడి, పేదవానిని చిక్కుపఱచును.

1. ఆ యింటిపై హక్కు ఎవరిది?

అద్దె పుచ్చుకొని, తాళపుచెవి అప్పగించి, అనుభవమును పూర్తిగా విడిచినచో అది అద్దె యిల్లు. దీని స్వరూపమును 1882 ఆస్తి బదిలీ చట్టము 105వ సెక్షను చెప్పుచున్నది. పని నిమిత్తమై పనివానిని మన స్థలములో నుండనిచ్చుట సాధారణముగా అనుమతి మాత్రమే. దీనిని లైసెన్సు అందురు. అదే 1882లో చేయబడి, మద్రాసు రాజధానికి మొదటినుండియు వర్తించిన ఈజుమెంట్ల చట్టము 52వ సెక్షనులో దీని నిర్వచనము కలదు. అనుమతిమీద నున్నవానికి ఆ స్థలమున ఆస్తి హక్కు కలుగదు.

అయినను కాగితముపై "లైసెన్సు" అని వ్రాసినంత మాత్రమున చాలదు. ఒక హోటలులోని గదులనుగుఱించిన వ్యాజ్యమున 1959లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినపుడు, మన తెలుగువారగు కోకా సుబ్బారావుగారు పత్రముయొక్క పేరుకంటె దాని సారమును, ఉభయ పక్షముల ఉద్దేశమును చూడవలెనని వ్రాసిరి. కావున నెలనెల అద్దె పుచ్చుకొనుచు, పని మానిన పిమ్మటను ఏండ్ల తరబడి ఉండనిచ్చి, తుదకు ఇది అద్దె కాదనుట సులభము కాదు.

మఱియొక హెచ్చరిక. "నీవే ఇల్లు కట్టుకొమ్ము" అని స్థలము చూపి, పాలేరుచేతనే సొమ్ము పెట్టించి శాశ్వతమైన కట్టడము కట్టించినచో, ఈజుమెంట్ల చట్టము 60వ సెక్షను ప్రకారము ఆ యనుమతిని రద్దు చేయుటకు వీలుండదు. కట్టుబడి ఖర్చును, మరమ్మతు ఖర్చును యజమానియే భరించుట న్యాయము, క్షేమము కూడ.

2. ఇల్లు చూపి జీతము తగ్గింపరాదు

"ఉండుటకు ఇల్లిచ్చితిని గదా, కూలి కొంచెము తక్కువైన నేమి?" అను మాట తఱచు వినుచుందుము. 1948 కనీస వేతనముల చట్టము వేతనమునకు చేసిన నిర్వచనములో ఇంటి వసతి, వెలుతురు, నీరు వీని విలువ చేరదని స్పష్టముగా చెప్పినది. 2019 వేతనముల స్మృతి యందును ఇంటి వసతి విలువ వేతనములో చేరని వానిలోనే చెప్పబడినది. ఇందలి న్యాయము గ్రహించుట కష్టము కాదు. పాలేరు తోటలో నుండుట మన మోటారు, మన పశువులు, మన కాయలు క్షేమముగా నుండుటకు. రాత్రి కావలియు అతడే కాయుచున్నాడు. ఆ యింటివలన లాభము అతనికెంతయో మనకును అంతయే కలదు.

3. అప్పును గడపకు కట్టరాదు

ఉగాదికో ఏరువాకకో పాలేరును కుదుర్చుకొనునపుడు ముందుగా కొంత సొమ్ము ఇచ్చుట మన దేశాచారము. పెండ్లికనియు, వైద్యమునకనియు నడుమ నడుమ మఱికొంత చేరును. ఇచ్చుట తప్పు కాదు. "ఈ అప్పు తీరువఱకు ఈ పాక విడిచి పోరాదు, మఱియొకరి పనికి పోరాదు" అను షరతు తప్పు. అది వెట్టి.

1976 వెట్టిచాకిరి నిర్మూలన చట్టము 1975 అక్టోబరు 25వ తేదినుండియే అమలులోనికి వచ్చినట్లు చేయబడినది. దేశమున వివిధ ప్రాంతములలో వెట్టికి గల పేర్లను ఆ చట్టమే వరుసగా పేర్కొన్నది. ఆ పట్టికలో "జీత", "భగేల", "వెట్టి" అను వానితోపాటు "పాలేరు" అను మన మాటయు కలదు! పాలేరులందఱును వెట్టివారని దీని యర్థము కాదు; అప్పుచేత కదలిక కోల్పోయిన పాలేరుతనము వెట్టి యని యర్థము. తండ్రి అప్పునకు కొడుకును, భర్త అప్పునకు భార్యను పనికి పట్టియుంచుటయు ఇందులోనిదే. వెట్టి చేయించిన వానికి మూడేండ్లవఱకు ఖైదును, రెండువేల రూపాయలవఱకు జుల్మానాయు కలవు.

ఇంటిమాటకు వచ్చినచో ఆ చట్టము 8వ సెక్షను ముఖ్యము. వెట్టికి ప్రతిఫలములో భాగముగా ఇచ్చిన యింటినుండి విముక్తుడైన పనివానిని వెడలగొట్టరాదు. వెడలగొట్టినచో మేజిస్ట్రేటు అతనికి ఆ యింటిని తిరిగి ఇప్పించును. అనగా, అప్పును ఇంటిని కలిపి ముడివేసిన రైతు తుదకు ఇంటినే కోల్పోవచ్చును.

4. ఇల్లు ఎట్లుండవలెను?

పశువుల కొట్టమునకు కట్టు వాసమే మనుష్యుల యింటికిని చాలునని తలంపరాదు. మెరక చూచి, వాన నీరు చొరకుండ అరుగు ఎత్తుగా కట్టవలెను. ఎదురెదురుగా కిటికీయు తలుపును ఉండవలెను. గడియ లోపలినుండి వేసికొనుటకు వీలుండవలెను; ఆడుబిడ్డలున్న యింట ఇది చిన్న సంగతి కాదు. మఱుగుదొడ్డి, త్రాగునీరు తప్పక ఉండవలెను. పేడగుంట దూరముగా నుండవలెను.

పురుగు మందుల డబ్బాలను ఆ గదిలో ఒక్క రాత్రియైన ఉంచరాదు. గడ్డివామి, ధాన్యపు బస్తాలు గోడ ప్రక్కన ఉన్నచో ఎలుకలు చేరును; ఎలుకల వెంట పాములు వచ్చును. కట్లపాము రాత్రివేళ నేలపై పరుండినవారిని కఱచుట యెక్కువ. కాబట్టి మంచములును దోమతెరయు సమకూర్చుడు. కఱచినచో మంత్రములతో కాలము గడుపక నేరుగా ప్రభుత్వాసుపత్రికి తీసికొనిపోవలెను.

వ్యవసాయపు మోటారు తీగనుండి పాకకు దీపము లాగుట మనలో పరిపాటి. అనుమతించిన పనికి గాక వేఱొక పనికి వాడుట 2003 విద్యుత్ చట్టము 126వ సెక్షను క్రింద అక్రమ వినియోగము. అంతకంటె మించి ప్రాణాపాయము. ఇంటికి ఇంటి కనెక్షనే తీసికొనుడు.

5. విడుచు దినము

కొన్నియేండ్ల క్రిందట నేనొక నిమ్మతోటకు గజ్జితెగులు చూచుటకై పోయితిని. అంతకు పదునైదు దినములకు పూర్వమే ఆ తోట పాలేరు రాత్రి నీరు కట్టుచుండగా పాము కఱచి చనిపోయెను. నేను పోవునప్పటికి క్రొత్త పాలేరు సామాను బండితో గుమ్మము ముందు నిలిచియున్నాడు. గుమ్మములో చనిపోయినవాని భార్య యిద్దఱు పిల్లలతో నిలిచియున్నది. వాన చినుకులు పడుచున్నవి. రైతు చెడ్డవాడు కాడు. ఏమి చేయవలెనో తోచక చెట్టు క్రింద నిలిచెను. "అప్పు ఉన్నది, ఆమెనే పని చేయుమందునా, పొమ్మందునా?" అని నన్నడిగెను.

ఆ లెక్కల పుస్తకము తెప్పించితిని. అన్నియు ఒకే పుటలో నుండెను. దానిని మూడు పుటలుగా విడదీసితిమి. జీతపు పుటలో చనిపోయినవానికే కొంత రావలసియుండెను. దానిని ఆమెకు అచటనే ఇచ్చెను. అప్పు పుటపై "ఆమెనుండి రావలసినది లేదు" అని తానే వ్రాసి గీత గీసెను. ఇంటి పుటలో, పిల్లల బడి సంవత్సరము ముగియువఱకు ఆమె ఉండునట్లు వ్రాసితిమి. క్రొత్త పాలేరు అంతవఱకు ఊరిలో నుండి సైకిలుమీద వచ్చుటకు ఒప్పుకొనెను. ఇదంతయు ఒక గంట పని.

నేనును ప్రభుత్వ క్షేత్రమందలి క్వార్టర్సులో కాపురముండి, బదిలీయైనపుడు ఖాళీ చేసినవాడనే. నాకు గడువు ఇచ్చిరి; నా పెట్టెలను ఎవరును వానలో పెట్టలేదు. పాలేరునకు మాత్రము ఆ గడువు ఏల ఉండరాదు? ఈజుమెంట్ల చట్టము 63వ సెక్షనుకూడ, అనుమతి రద్దయినవానికి స్థలము విడుచుటకును సామాను తీసికొనిపోవుటకును తగిన వ్యవధి ఇయ్యవలెనని చెప్పుచున్నది.

6. ఒడంబడిక నమూనా

తెల్ల కాగితముపై తెలుగున వ్రాసి, ఇద్దఱు సాక్షుల యెదుట చదివి వినిపించి, సంతకమో వ్రేలిముద్రయో తీసికొని, ఒక ప్రతి పాలేరునకు ఇయ్యవలెను.

"ఫలాని తేదినుండి మీరు మా తోటలో ఈ పనులు చేయుటకు ఒప్పుకొంటిరి. నెల జీతము ఇంత. ప్రతి నెల ఈ తేదికి ఇయ్యబడును. పని నిమిత్తము మీ కుటుంబమునకు తోటలోని గదిలో ఉండుటకు అనుమతి ఇచ్చితిమి. దీనికి అద్దె లేదు. మరమ్మతులు మావి. ఉభయులలో ఎవరు పని మాన్పింపదలచినను, మానదలచినను ఒక నెల ముందుగా తెలుపవలెను. పని ముగిసిన పిమ్మట గది విడుచుటకు ఇన్ని దినముల గడువు కలదు. చేబదులు సొమ్ము వేఱుగా వ్రాయబడును; దానికిని ఈ గదికిని, మీ రాకపోకలకును సంబంధము లేదు."

ఆధారు కార్డు, రేషను కార్డు, బ్యాంకు పుస్తకము ఎపుడును పాలేరు పెట్టెలోనే ఉండవలెను. వానిని మన బీరువాలో దాచరాదు.

సంఘ సమావేశమున చర్చింపవలసిన ప్రశ్నలు

(1) మన గ్రామమున తోటలలో కాపురమున్న కుటుంబములు ఎన్ని? వానిలో ఒడంబడిక కాగితము గలవి ఎన్ని?

(2) అద్దెకును అనుమతికిని భేదమేమి?

(3) పాలేరు చనిపోయినచో అతని అప్పునకు భార్యాబిడ్డలు పని చేయవలెనా? ఏల?

(4) మీ లెక్కల పుస్తకమున ఇల్లు, జీతము, అప్పు ఒకే పుటలో ఉన్నచో, వచ్చు సమావేశమునకు దానిని తీసికొనిరండు. మూడు పుటలుగా ఎట్లు వ్రాయవలెనో అందఱము కలిసి చూతము.