ఒక కథ – రెండు రంగస్థలములు

పాఠశాలా వార్షికోత్సవమున పిల్లలు వేయు నాటకమును వినోదముగా మాత్రమే తలంచువారు పెక్కుమంది కలరు. "చదువు చెడును గదా, నాటకమెందులకు?" అని యడుగు తల్లిదండ్రులును కలరు. ఒక జాతి తన కష్టమును, కోపమును, ఆశను నలుగురి యెదుట చెప్పుకొనుటకు నాటకము సాధనము. ఈ సంగతిని తెలుగువారికిని మరాఠీవారికిని పరిచితమైన కీచకవధ కథతో వివరింప నెంచితిమి.

విరాటుని కొలువులో సైరంధ్రియై దాగియున్న ద్రౌపదిని రాజు బావమరిది కీచకుడు అవమానించెను. భీముడు నర్తనశాలలో వానిని సంహరించెను. తిక్కన సోమయాజి తన భారత రచనను విరాటపర్వముతోనే యారంభించెను. అందుచే ఈ కథ తెలుగువారి యింటింటిదైనది.

1885లో కడప మండలమందలి సురభి గ్రామమున వనారస గోవిందరావుగారి బృందము కీచకవధ నాటకమును ప్రదర్శించెను. సురభి నాటక సమాజములకు అదియే నాంది. మన పిల్లలు తెలిసికొనవలసిన విశేషమొకటి యిందు గలదు. సురభి కుటుంబముల పూర్వులు మహారాష్ట్రమునుండి వలసవచ్చి, తోలుబొమ్మలాడించి జీవించినవారు. మరాఠీ మూలముగల ఆ కుటుంబములే తెలుగు రంగస్థలమునకు పెద్దదిక్కైనవి. తల్లి, తండ్రి, బిడ్డలు అందరును వేషములు ధరించిరి. స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించుట వారి సంప్రదాయమయ్యెను. 2013లో సురభి నాగేశ్వరరావుగారికి పద్మశ్రీ లభించెను.

1907లో, తిలక్ మహాశయుని 'కేసరి' పత్రికలో పనిచేసిన కృష్ణాజీ ప్రభాకర్ ఖాడిల్కర్ ఇదే కథను మరాఠీలో నాటకముగా రచించెను. అంతకు రెండేండ్లకు ముందు, 1905లో, వైస్రాయి కర్జన్ ప్రభువు వంగదేశమును విభజించియుండెను. నాటకమున కర్జన్ పేరు లేదు. ఐనను ప్రేక్షకులు కీచకుని యహంకారమున కర్జన్‌ను చూచిరి. అవమానింపబడిన ద్రౌపదిలో భారతమాతను చూచిరి. ఓర్పు వహింపుమను ధర్మరాజులో మితవాదులను, ఆగ్రహించిన భీమునిలో అతివాదులను గుర్తించిరి. 1910లో ప్రభుత్వము ఆ నాటకమును నిషేధించెను. పురాణకథ మారలేదు, దానిని చూచు ప్రజల మనస్సు మారినది.

తెలుగు నాటకమును ఇట్లే కాలముతో నడచినది. 1892లో విజయనగరమున ప్రదర్శింపబడిన గురజాడ అప్పారావుగారి 'కన్యాశుల్కము' పసిబాలికలను వృద్ధులకు అమ్ముకొను దురాచారమును జనుల వాడుకభాషలోనే యెండగట్టెను. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావుగార్లు 1947లో వెలువరించిన 'మా భూమి' నైజాము రాజ్యమున దొరల దౌర్జన్యమును, రైతుల తిరుగుబాటును చూపెను.

మన చంద్రపూర్ ప్రాంతమునను ఈ కళకు కొదువలేదు. వరికోతలు ముగిసిన పిమ్మట చంద్రపూర్, గడ్చిరోలి, భండారా, గోందియా జిల్లాల పల్లెలలో తెల్లవార్లు 'ఝాడీపట్టీ' మరాఠీ నాటకములు జరుగును. వడసా పట్టణము ఆ నాటక సంస్థలకు కేంద్రము. ఈ రంగమున కృషిచేసిన పరశురామ్ ఖుణేగారికి 2023లో పద్మశ్రీ లభించెను.

మన బిడ్డలు వీధిలో మరాఠీ, ఇంట తెలుగు పలుకుదురు. ఇంటి తెలుగు వంటింటి మాటలకే పరిమితమైనచో తరువాతి తరమునకు అదియు మిగులదు. నాటకమున పిల్లవాడు గొంతెత్తి, స్పష్టముగా, నలుగురి యెదుట తెలుగు పలుకవలసి వచ్చును. అట్టి యవకాశము మరియొకచోట అరుదు. సురభివారు తమ మూలమును విడువకయే తెలుగు రంగస్థలమును తమదిగా చేసికొనిరి. మన పిల్లలును తెలుగును విడువకయే మరాఠీ రంగస్థలమును తమదిగా చేసికొనవచ్చును.

కావున తల్లిదండ్రులకు మా మనవి. బిడ్డకు పాత్ర యొసగినపుడు వలదనకుడు. సంభాషణలను ఇంట బిగ్గరగా చదివించి ఉచ్చారణ దిద్దుడు. ఆ పాత్ర ఎవరి పక్షమున మాటలాడుచున్నదో, అట్టి కీచకులు నేడును కలరేమో బిడ్డనే యడిగి చూడుడు. శీతకాలమున ఒక రాత్రి ఝాడీపట్టీ నాటకమునకు తోడ్కొనిపొండు. మరునాడు దాని కథను తెలుగులో చెప్పించుకొని వినుడు.