వాడపల్లి వంతెన దాటితే ఏం మారుతుంది?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. రెండు కుటుంబాలం కలిసి శని, ఆదివారాలు సూర్యలంక బీచ్‌కు వెళ్లొద్దామనుకుంటున్నాం. ఒక కారు మాది, ఇంకొకటి తెలిసినవాళ్లది కిరాయికి తీసుకుంటున్నాం. టీజీ నంబరు చూస్తే సరిహద్దులో ఆపేస్తారని, ఇక్కడ కొన్న మందు పట్టుకెళ్తే కేసేనని ఒకరు, అదేం లేదని ఇంకొకరు అంటున్నారు. ఏది నమ్మాలి?
– ఒక పాఠకుడు

జవాబు: మందు సంగతి ముందు చెబుతాను. కృష్ణ మీద వాడపల్లి వంతెన దాటి పొందుగుల చేరగానే మీకు గట్టిగా తగిలే తేడా అదే.

మద్యం మీద చట్టాలు చేసుకునే అధికారం రాజ్యాంగం రాష్ట్రాలకే వదిలింది. మిర్యాలగూడలో మీరు కొన్న సీసా మీద సుంకం తెలంగాణ ఖజానాకు పోయింది, ఆంధ్రప్రదేశ్‌కు పైసా రాలేదు. అందుకే అక్కడి ఎక్సైజ్ వాళ్ల లెక్కలో అది సుంకం కట్టని సరుకు. పేపర్లలో ‘ఎన్‌డీపీఎల్ పట్టివేత’ అని రాసేది దీన్నే. బిల్లు జేబులో ఉంది కదా అని ధీమా పడకండి. డబ్బు పెట్టి కొన్నారని చెప్పడానికి తప్ప అది ఇంకెందుకూ పనికిరాదు.

‘మూడు సీసాల దాకా ఫర్వాలేదు’ అన్న మాట మీరూ వినే ఉంటారు. దానికో మూలం ఉంది. 2020 సెప్టెంబరులో ఏపీ హైకోర్టు, అప్పటి జీవో ప్రకారం బయటి రాష్ట్రం నుంచి మూడు సీసాలు తెచ్చుకోవచ్చని తీర్పు చెప్పింది. మరుసటి నెలే ప్రభుత్వం నిబంధన సవరించి, పర్మిట్ లేకుండా తేకూడదంది. తీర్పు జనానికి గుర్తుంది, సవరణ గుర్తులేదు. 2024 అక్టోబరులో అక్కడ మళ్లీ ప్రైవేటు షాపులు వచ్చాయి గానీ పక్క రాష్ట్రం సరుకు మీద నిఘా మాత్రం పోలేదు. దొరికితే సీసాలు పోవడంతో కథ ముగియదు. బండిని స్వాధీనం చేసుకుంటారు, జప్తు చేసే అధికారం కూడా ఎక్సైజ్ చట్టంలో ఉంది. రెండు సీసాల కోసం కారు పోగొట్టుకుని ఎక్సైజ్ ఆఫీసు చుట్టూ తిరగడమెందుకు? డిక్కీలో ఒక్క సీసా కూడా పెట్టుకోవద్దు. తాగి స్టీరింగ్ పట్టుకుంటే అది రెండు రాష్ట్రాల్లోనూ నేరమే. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే చాలు, మొదటిసారికే ఆరు నెలల దాకా జైలు, 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

చెకింగ్‌లో బండి ఆపడం తప్పు కాదు, ఆపితే సహకరించండి. అయితే తనిఖీకీ పద్ధతి ఉంది. ఆడవాళ్లను సోదా చేయాల్సి వస్తే మహిళే చేయాలి. ఏదైనా స్వాధీనం చేసుకుంటే పంచనామా రాయాలి. ఏం తీసుకున్నారో ఆ జాబితా ప్రతి మీ చేతికి రావాలి. రసీదు ఇవ్వని ‘ఫైన్’ కట్టకండి.

ఇక టీజీ నంబరు సంగతి. అదొక భయమే తప్ప నేరం కాదు. ఒక రాష్ట్రంలో చేసిన రిజిస్ట్రేషన్ దేశమంతా చెల్లుతుందని మోటారు వాహనాల చట్టమే చెబుతోంది. పన్నెండు నెలలకు మించి వేరే రాష్ట్రంలోనే ఉంచేస్తే అక్కడి నంబరు తీసుకోవాలి. రెండు రోజులకు వెళ్లొచ్చే సొంత కారుకు ఎవరూ పన్ను అడగడానికి లేదు. టీజీ నంబర్లు వచ్చింది 2024 మార్చిలో. అంతకుముందు ఇచ్చిన టీఎస్ ప్లేట్లు, ఉమ్మడి రాష్ట్రం నాటి ఏపీ ప్లేట్లు కూడా చెల్లుతాయి. హైదరాబాద్‌లో ఏపీ నంబరుతో తిరిగే పాత బళ్లు ఇప్పటికీ ఎన్ని లేవు! లైసెన్సు, ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ డిజీలాకర్‌లో గానీ ఎంపరివాహన్‌లో గానీ చూపిస్తే చాలు. ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకున్నది మాత్రం చెల్లదు.

మీ ప్రశ్నలో నన్ను నిజంగా కంగారుపెట్టింది ఆ రెండో కారు. తెలిసినవాళ్లదే అయినా తెల్ల ప్లేటు బండిని డబ్బు తీసుకుని తిప్పితే పర్మిట్ లేని కిరాయి బండి కిందే లెక్క. పట్టుబడితే జరిమానా, సీజు ఎలాగూ ఉంటాయి. అంతకంటే పెద్ద చిక్కు ప్రమాదం జరిగినప్పుడు వస్తుంది. సొంత వాడకానికి తీసుకున్న పాలసీ కిరాయి ప్రయాణానికి వర్తించదని ఇన్సూరెన్స్ కంపెనీ చేతులెత్తేస్తుంది. కోర్టు ముందు బాధితులకు చెల్లించమన్నా, ఆ సొమ్ము బండి యజమాని దగ్గర రాబట్టుకోమనే అవకాశం ఉంటుంది. నమ్మి కారిచ్చిన మనిషి జీవితాంతం అప్పులపాలవుతాడు. డ్రైవర్‌తో కావాలంటే పర్మిట్ ఉన్న పసుపు ప్లేటు ట్యాక్సీ మాట్లాడుకోండి. మీరే నడుపుతామంటే నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుండే సెల్ఫ్ డ్రైవ్ బండి తీసుకోండి.

బస్సులో వెళ్లే ఆడవాళ్లకు ఒక మాట. తెలంగాణ మహాలక్ష్మి పథకంలో అంతర్రాష్ట్ర పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులో జీరో టికెట్ సరిహద్దు వరకే. అవతల నుంచి టికెట్ తీసుకోవాలి. ఏపీలో 2025 ఆగస్టులో మొదలైన స్త్రీశక్తి అక్కడి మహిళలకు మాత్రమే కాబట్టి తెలంగాణ ఆధార్‌తో కండక్టర్‌తో వాదించి లాభం లేదు.

ఇంతవరకూ చెప్పినవి రాష్ట్రాన్ని బట్టి, పర్మిట్‌ను బట్టి ఉండే విషయాలు. వంతెన దాటినా మారని హక్కులు ఇంతకంటే ముఖ్యమైనవి. జనం నష్టపోయేది అవి తెలియకే. ‘మీరు తెలంగాణ వాళ్లు కదా, అక్కడే చూసుకోండి’, ‘జరిగింది ఆంధ్రాలో కదా, ఇక్కడికెందుకు వచ్చారు?’ అనే రెండు మాటలకు తల వంచి ఎందరో వెనక్కి వచ్చేస్తుంటారు.

పిడుగురాళ్ల దగ్గర ఏదో బండి మీ కారును గుద్దిందనుకుందాం. పరిహారం కోసం వాయిదా వాయిదాకు పల్నాడు జిల్లాకు తిరగక్కర్లేదు. ప్రమాదం జరిగినచోటే కాదు, బాధితులు నివసించే చోటి ట్రిబ్యునల్‌లో కూడా కేసు వేయొచ్చు. అంటే మీరు నల్లగొండ జిల్లాలోనే వేసుకోవచ్చు. 2022 ఏప్రిల్ 1 నుంచి దీనికి ఆరు నెలల గడువు వచ్చింది. దాని మీద సుప్రీంకోర్టులో సవాలు నడుస్తోంది, అయినా దాన్ని నమ్ముకుని కూర్చోకండి. గుద్దిన బండి దొరక్కపోయినా, మనిషి చనిపోతే 2 లక్షలు, తీవ్రంగా గాయపడితే 50,000 రూపాయలు ఇచ్చే పథకం ఉంది. 2025 మేలో వచ్చిన కేంద్ర పథకం కింద, ప్రమాదం జరిగిన నాటి నుంచి ఏడు రోజుల దాకా, లక్షన్నర రూపాయల వరకు గుర్తింపు పొందిన ఆస్పత్రుల్లో నగదు లేకుండా చికిత్స చేయాలి. బాధితుడు ఏ రాష్ట్రం వాడన్నది దానికి అడ్డు కాదు. ఆస్పత్రిలో ‘ముందు డబ్బు కట్టండి’ అన్నప్పుడు ఈ పథకం సంగతి ఎత్తండి.

రిసార్టు విషయమూ అంతే. ఏసీ గదికి డబ్బు తీసుకుని ఫ్యాన్ గదిలో పడేస్తే, బుకింగ్ రద్దు చేసి అడ్వాన్సు ఎగ్గొడితే బాపట్లలో కేసు వేసి తిరగాల్సిన పని లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఫిర్యాదుదారు ఉండే జిల్లాలోనే కేసు వేసే వీలిచ్చింది. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, గడువు రెండేళ్లు. ముందు 1915కు ఫోన్ చేసి చూడండి, చాలా గొడవలు అక్కడే తేలిపోతాయి. డబ్బు పంపిన స్క్రీన్‌షాట్, గది ఫొటోలు, వాట్సాప్ సంభాషణ చెరిపేయకండి.

సముద్రం దగ్గర మాత్రం వాదనలు పెట్టుకోవద్దు. మునిగిపోయే ఘటనలు జరిగినప్పుడు బాపట్ల, చీరాల తీరంలో పోలీసులు జనాన్ని నీళ్లలోకి దిగనివ్వరు. ప్రాణాపాయం కలిగేలా అలాంటి నిషేధ ఉత్తర్వు మీరితే భారతీయ న్యాయ సంహిత 223వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు పడొచ్చు.

చివరగా, అక్కడ పర్సు పోయినా, ఎవరైనా దాడి చేసినా మీకు దగ్గరున్న ఏ స్టేషన్‌కైనా వెళ్లండి. అవసరమైతే ఇంటికొచ్చాక మిర్యాలగూడలోనే ఇవ్వండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం కేసు పెట్టదగ్గ నేరమైతే, అది తమ పరిధిలో జరగలేదని ఫిర్యాదు నిరాకరించడానికి వీల్లేదు. జీరో ఎఫ్ఐఆర్ కట్టి సంబంధిత స్టేషన్‌కు పంపాలి, మీకు ఒక ప్రతి ఉచితంగా ఇవ్వాలి. తీసుకోనంటే అదే ఫిర్యాదును స్పీడ్ పోస్టులో జిల్లా ఎస్పీకి పంపి, పోస్టాఫీసు రసీదు దాచుకోండి. అక్కడా కదలిక లేకపోతే మేజిస్ట్రేట్ ముందుకు వెళ్లేటప్పుడు మీ లాయరు మొదట అడిగేది ఆ రసీదే.