మూలన నిలబడటం నేర్చుకున్నవాడు

2007 మార్చిలో ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్ లీగ్‌లోని టొరంటో రాప్టర్స్ జట్టు పి.జె. టక్కర్‌ను వదిలేసుకుంది. అప్పటికి అతనికి 22 ఏళ్లు కూడా నిండలేదు. ఏడాది కిందట టెక్సస్ యూనివర్సిటీలో అతనే మొనగాడు. బిగ్ 12 కాన్ఫరెన్స్‌లో ఆ ఏటి ఉత్తమ ఆటగాడు. జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో, 2006లో అతన్ని 35వ పేరుగా పిలిచారు. తీరా టొరంటో వెళ్లాక కోర్టులో దిగింది 17 మ్యాచుల్లోనే.

క్యాంపస్ ప్లేస్‌మెంట్‌లో ఊరంతా చెప్పుకునే ఉద్యోగం తెచ్చుకుని, ఏడాది తిరక్కుండానే దాన్ని పోగొట్టుకున్న పిల్లలు మన ఇళ్లలోనూ ఉన్నారు. చుట్టాల ఫోన్లు ఎత్తడం మానేసి, అమీర్‌పేటలో మళ్లీ ఏదో కోర్సులో చేరి, తలుపేసుకుని కూర్చున్నవాళ్లు. టక్కర్ కథ వాళ్ల కోసమే రాస్తున్నాను.

ముందు అతనికి ఎందుకు చోటు దొరకలేదో చూద్దాం. టక్కర్ ఎత్తు 196 సెంటీమీటర్లు. మనకది చాలా పొడుగు. కాలేజీ ఆటలో ఆ ఎత్తుతో, ఆ భుజబలంతో రింగు కింద కలబడి పాయింట్లు చేసేవాడు. ఎన్‌బీఏలో రింగు కింద నిలబడేవాళ్లు అతనికన్నా జానెడు పొడుగు. పోనీ బయటి నుంచి షాట్లు వేద్దామంటే, ఆ విద్య అప్పట్లో అతనికి పెద్దగా లేదు. ప్రతిభకు కొరత లేదు. ఆ ప్రతిభ అవసరమయ్యే ఖాళీయే అక్కడ లేదు. ఈ రెండింటికీ తేడా తెలియక, ఉద్యోగం పోగానే తమను తామే పనికిమాలినవాళ్లుగా లెక్కేసుకునేవాళ్లు ఎంతమందో.

టక్కర్ ఇజ్రాయెల్ వెళ్లాడు. హపోయెల్ హోలోన్ అనే క్లబ్‌లో చేరాడు. ఆ దేశపు లీగ్‌లో మక్కాబీ టెల్ అవీవ్‌ది ఏకఛత్రాధిపత్యం. 1994 నుంచి 2007 దాకా ప్రతి ఏటా ట్రోఫీ వాళ్లదే. 2008 ఫైనల్లో హోలోన్ ఒక్క పాయింటు తేడాతో మక్కాబీని ఓడించింది. ఆ సీజన్‌లో లీగ్ మొత్తానికీ అత్యంత విలువైన ఆటగాడు టక్కర్. ఆ తర్వాత ఉక్రెయిన్, గ్రీస్, ఇటలీ, చివరికి జర్మనీ. ఐదేళ్లలో ఐదు దేశాలు.

విదేశీ క్లబ్బుల్లో ఆడే జీవితం బయటికి కనిపించినంత విలాసం కాదు. కాంట్రాక్టు సాధారణంగా ఒక సీజన్‌కే. ఇల్లు, కారు క్లబ్ ఇస్తుంది. కాంట్రాక్టు ముగిస్తే తాళాలు అప్పగించాలి. చాలా లీగుల్లో విదేశీయులు ఇంతమందే ఉండాలన్న నిబంధన ఉంటుంది. అందుకని జట్టు రెండు మ్యాచులు వరసగా ఓడిందంటే ముందు వేటు పడేది వాళ్ల మీదే. మ్యాచులు వారానికి ఒకటో రెండో, సాధన మాత్రం రోజూ, ఒక్కోసారి రెండు పూటలా. కొత్త భాష, కొత్త కోచ్, కొత్త తిండి. దానికి అలవాటు పడేసరికి సీజన్ అయిపోతుంది. మళ్లీ పెట్టె సర్దుకోవాలి. ఇలా బతికిన మనిషికి తెలియకుండానే ఒక గుణం అబ్బుతుంది. కొత్త చోట అడుగుపెట్టగానే ‘నన్నెందుకు తెచ్చుకున్నారు?’ అని అడిగి తెలుసుకోవడం.

2012లో జర్మనీలోని బ్రోసే బాస్కెట్స్ బాంబెర్గ్ తరఫున అతను లీగ్ గెలిచాడు, కప్ గెలిచాడు, ఫైనల్స్‌లో ఉత్తమ ఆటగాడయ్యాడు. అక్కడే ఉంటే రాజాలా బతకొచ్చు. అలా ఉండిపోయినవాళ్లు చాలామంది ఉన్నారు, అదీ గౌరవమైన బతుకే. తిరిగి రానివాడు ఓడిపోయాడని నేను అనను. టక్కర్ మాత్రం ఆ వేసవిలో 27 ఏళ్ల వయసున, కాలేజీ నుంచి అప్పుడే వచ్చిన కుర్రాళ్ల పక్కన నిలబడి ఫీనిక్స్ సన్స్ తరఫున సమ్మర్ లీగ్ ఆడాడు. ఏ హామీ లేదు. ఐరోపాలో తెచ్చుకున్న పతకాల గురించి అక్కడ అడిగేవాడు లేడు. ఆ జట్టు అతన్ని తీసుకుంది.

నాకు ఇందులో అన్నిటికన్నా విలువైన ఘట్టం ఇక్కడి నుంచి మొదలవుతుంది. విదేశాల్లో బంతి అతని చుట్టూ తిరిగేది. ఇక్కడ అతను బంతి అడగలేదు. ఎవరూ ఎగబడని రెండు పనులు ఎంచుకున్నాడు. మొదటిది అవతలి జట్టులో అందరికన్నా గట్టివాణ్ని అడ్డుకోవడం. రెండోది మూలన నిలబడటం.

ఈ మూల సంగతి కొంచెం చెప్పాలి. ఎన్‌బీఏ కోర్టులో మూడు పాయింట్ల గీత రింగుకు ఎదురుగా 7.24 మీటర్ల దూరంలో ఉంటుంది. కోర్టు మూలల్లో మాత్రం దాదాపు 6.7 మీటర్లే. పాయింట్లు అవే మూడు, దూరం అరమీటరు తక్కువ. టక్కర్ తర్వాత హ్యూస్టన్ జట్టుకు మారాడు. అక్కడ జట్టు ప్రధాన ఆటగాడు జేమ్స్ హార్డెన్ నడిమధ్యన బంతి ఆడిస్తుంటే, టక్కర్ గీతకూ సైడ్‌లైన్‌కూ మధ్య ఉన్న ఇరుకులో మోకాళ్లు వంచి, చేతులు సిద్ధంగా పెట్టుకుని నిలబడేవాడు. అతన్ని కాచుకునేవాడు హార్డెన్ మీదికి ఎగబడాలంటే టక్కర్‌ను వదలాలి. వదిలితే బంతి ఇటొస్తుంది. వదలకపోతే హార్డెన్‌కు దారి దొరుకుతుంది. అంటే బంతి ముట్టకుండానే టక్కర్ పని చేస్తున్నాడన్నమాట. వచ్చినప్పుడు మాత్రం తడబడకూడదు. హ్యూస్టన్‌లో ఉన్న రోజుల్లో ఈ మూల షాట్లలో లీగ్‌లోనే ముందు వరసలో నిలిచాడు. పెళ్లిలో వేదిక మీద ఫొటోలకు దొరక్కుండా భోజనాల దగ్గరే నిలబడే మేనమామ లేకపోతే ఏమవుతుందో మనకు తెలుసు కదా, ఇదీ అంతే.

2021 జూన్ నాటికి టక్కర్ మిల్వాకీ బక్స్ జట్టులో ఉన్నాడు. ప్లేఆఫ్స్‌లో బ్రూక్లిన్ మీద సిరీస్‌ను తేల్చే ఏడో మ్యాచ్. ఎదురుగా కెవిన్ డ్యురాంట్. టక్కర్ వెళ్లిన ఏడాదే అదే టెక్సస్ యూనివర్సిటీలో చేరి, 2007 డ్రాఫ్ట్‌లో రెండో పేరుగా వెళ్లినవాడు. టక్కర్ కన్నా బాగా పొడుగు. ఆ రోజు డ్యురాంట్ 48 పాయింట్లు చేశాడు. చివరి క్షణంలో టక్కర్ మీదుగా తిరిగి వేసిన షాటు పడింది. బూటు గీత మీద పడటంతో మూడు కాస్తా రెండయ్యాయి. స్కోరు సమమై ఆట ఓవర్‌టైమ్‌కి వెళ్లింది. మిల్వాకీ 115-111తో గెలిచింది. 48 పాయింట్లు ఇచ్చినవాణ్ని స్కోరుకార్డు మెచ్చుకోదు. సిరీస్ పొడుగునా డ్యురాంట్ ఒంటికి ఒళ్లు ఆనించి, ఒక్క షాటు కూడా తేలిగ్గా వేయనివ్వని శ్రమ ఆ కార్డులో ఉండదు. ఆ జట్టులో ఆ పని ఎవరిదో జట్టుకు తెలుసు.

జులై 20న మిల్వాకీ ఛాంపియన్ అయింది. ఫైనల్లో ఓడింది ఎవరో కాదు, తొమ్మిదేళ్ల కిందట టక్కర్‌కు రెండో అవకాశం ఇచ్చిన ఫీనిక్స్. అతని వయసు 36.

ఇప్పుడు మీ సంగతి. మీరు మళ్లీ చేరే ఏ ఆఫీసులోనైనా అందరూ ఎగబడే పని ఒకటుంటుంది, కొత్త ప్రాజెక్టు, క్లయింటు ముందు ప్రెజెంటేషన్. ఎవరూ చేయి పెట్టని పని ఇంకొకటుంటుంది. ఎప్పటిదో పాత కోడ్, రాత్రి షిఫ్టు సపోర్టు, కోపంగా ఉన్న కస్టమర్ ఫోన్. రెండోది ఆరు నెలలు ఎవరికన్నా బాగా చేసి చూడండి. మిమ్మల్ని పక్కన పెట్టాలంటే ఎంత కష్టమో అప్పుడు వాళ్లకే తెలుస్తుంది. హైదరాబాద్‌లో ఖాళీ లేకపోతే కోయంబత్తూరు వెళ్లండి, ఇండోర్ వెళ్లండి, చిన్న కంపెనీ అని చిన్నబుచ్చుకోకండి. కొత్త ఆఫీసులో అడుగుపెట్టిన రోజే మీ మేనేజర్‌ను ఒకే ఒక్క మాట అడగండి: ‘మన టీమ్‌లో ఎవరూ పట్టించుకోక ఆగిపోతున్న పని ఏదండీ?’ జవాబు కాగితం మీద రాసుకుని, ఆ రోజే మొదలుపెట్టండి.