పక్కన కూర్చుని నేర్పే సేవ

అధ్యయనానికి: అపోస్తలుల కార్యములు 8:26-40



యెరూషలేము నుండి గాజాకు వెళ్లే దారిలో ఒక రథం సాగిపోతోంది. ఇతియోపియా రాణి కొలువులో కోశాధికారిగా ఉన్న ఒక పెద్ద ఉద్యోగి అందులో కూర్చుని యెషయా ప్రవక్త గ్రంథం చదువుకుంటున్నాడు. అతనికి చదవడం వచ్చు. చేతిలో గ్రంథం ఉంది. తెలుసుకోవాలన్న ఆశ కూడా ఉంది. కాని చదివినది అర్థం కావడం లేదు. ఆత్మ ప్రేరణతో ఫిలిప్పు పరుగెత్తి రథం దగ్గరకు వచ్చి, అర్థమవుతున్నదా అని అడిగాడు. ఎవరో ఒకరు విడమరచి చెప్పకపోతే ఎలా అర్థమవుతుందని ఆ అధికారి జవాబిచ్చి, రథమెక్కి తన పక్కన కూర్చోమని ఫిలిప్పును వేడుకున్నాడు.

ఈ ఘట్టాన్ని మనం సాధారణంగా జ్ఞానస్నానం గురించిన పాఠంగా ధ్యానిస్తాము. ఈ వారం మాత్రం మన విచారణలలోని పిల్లల చదువును మనసులో పెట్టుకుని దీన్ని చదువుదాం.

ఏడవ తరగతి చదివే ఒక బిడ్డను ఊహించుకోండి. ప్రభుత్వ బడిలో పుస్తకాలు ఇస్తారు, మధ్యాహ్నం భోజనం పెడతారు. సాయంత్రం ఇంటికి వస్తే తల్లిదండ్రులు ఇంకా కూలిపని నుండి తిరిగి రాలేదు. వచ్చినా, వారికి చదువు రాదు. ఒత్తులున్న పదం దగ్గర, భిన్నాల లెక్క దగ్గర ఆ బిడ్డ ఆగిపోతే అడగడానికి ఇంట్లో ఎవరూ లేరు. ఆగిన చోటు దాటకుండానే ఎనిమిది, తొమ్మిది తరగతులు గడిచిపోతాయి. పదవ తరగతిలో లెక్కలు తప్పితే అబ్బాయి పనికి పోతాడు. అమ్మాయికైతే ఆ వేసవిలోనే సంబంధాలు చూడడం మొదలుపెట్టే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. అదే విచారణలో, రెండు వీధుల అవతల, ఇంటర్ పూర్తిచేసి డిగ్రీ, ఇంజనీరింగు, నర్సింగు చదువుతున్న యువతీయువకులు ఉన్నారు. ఆ బిడ్డకు కావలసింది పక్కన కూర్చునే ఒక ఫిలిప్పు.

ఫిలిప్పు చేసిన పనిలో మూడు మెట్లు కనిపిస్తాయి.

1. తానే దగ్గరకు వెళ్లాడు

రథం ఆగి తనను పిలిచేదాకా ఫిలిప్పు దారి పక్కన నిలబడి ఉండలేదు. తానే పరుగెత్తాడు. శ్రీసభ చరిత్రలో ఈ పని చేసిన విద్యార్థి ఫ్రెడరిక్ ఓజనాం. 1831లో లియోన్ నుండి పారిస్ నగరానికి న్యాయశాస్త్రం చదవడానికి వచ్చాడు. అక్కడి చర్చా గోష్ఠులలో, శ్రీసభ పూర్వం చేసిన మేలు సరే, నేటి బీదలకు మీరేం చేస్తున్నారని తోటి విద్యార్థులు నిలదీశారు. మాటలతో జవాబు చెప్పడం చాలదని అతనికి తోచింది. 1833 ఏప్రిల్ 23న, సరిగ్గా తన 20వ పుట్టినరోజున, మరికొందరు మిత్రులతో కలిసి సేవాసంఘాన్ని ఆరంభించాడు. అదే నేడు లోకమంతటా పనిచేస్తున్న విన్సెంట్ డి పాల్ సంఘం. బీదలను ఎలా సేవించాలో తెలియని ఆ విద్యార్థులకు సిస్టర్ రోసలీ రాందూ దారి చూపారు. చందాలు పోగుచేసి పంపించి ఊరుకోకుండా, వారు బీదల ఇళ్లకు స్వయంగా వెళ్లి వారితో కూర్చున్నారు. 1997 ఆగస్టు 22న పునీత రెండవ జాన్ పౌలు పోపుగారు పారిస్‌లోనే, ప్రపంచ యువజన దినోత్సవాల సందర్భంగా, ఓజనాంను ధన్యునిగా ప్రకటించారు.

2. అతడు చదువుతున్న చోటి నుండే మొదలుపెట్టాడు

ఫిలిప్పు ఆ అధికారి చేతిలోని గ్రంథం పక్కన పెట్టించి తనకిష్టమైన పాఠం చెప్పలేదు. అతడు ఏ వాక్యం దగ్గర ఆగాడో ఆ వాక్యం నుండే క్రీస్తు ప్రభువు గురించి చెప్పడం ప్రారంభించాడు. చదువు చెప్పేవారందరూ గుర్తుంచుకోవలసిన సంగతి ఇది.

పునీత డాన్ బోస్కో ఈ సంగతి బాగా ఎరిగినవారు. టూరిన్ నగరంలో తాపీ పనికి, చేతిపనులకు వచ్చిన పిల్లలకు ఆదివారాలలోను, రాత్రివేళలోను చదువు చెప్పించారు. కొలతలు, తూనికలు మెట్రిక్ పద్ధతికి మారుతున్న రోజులవి. ఆ పిల్లలు పనిచోట మోసపోకూడదని 1849లో మెట్రిక్ లెక్కల మీద తేలికైన పుస్తకం రాసి ఇచ్చారు. బోధించేవారు చాలకపోతే, తన దగ్గరున్న తెలివైన కొందరు కుర్రవాళ్లకు తాను ఉచితంగా పై చదువు చెప్పి, బదులుగా మిగతా పిల్లలకు వారు నేర్పాలని షరతు పెట్టారు. చదువుకునేవాడే చదువు చెప్పే పద్ధతి ఆ విధంగా అక్కడ నడిచింది.

మన దేశంలోనూ దీనికి రుజువు ఉంది. 2000 తర్వాత ముంబయి, వడోదర నగరాల పాఠశాలల్లో ‘ప్రథమ్’ సంస్థ ‘బాలసఖి’ పేరుతో ఒక కార్యక్రమం నడిపింది. మూడు, నాలుగు తరగతుల్లో వెనుకబడిన పిల్లలను రోజూ సుమారు రెండు గంటలు వేరుగా కూర్చోబెట్టి, వారికి రాని చదువు, లెక్కలు మొదటినుంచి నేర్పించారు. నేర్పినవారు బి.ఎడ్. చదివిన పంతుళ్లు కారు, ఆ బస్తీల్లోనే ఉండే యువతులు. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో మొదలైన ఆర్థికవేత్తలు దీన్ని పరిశీలించి, పిల్లల చదువు మెరుగైందని, అందరికంటే వెనుకబడినవారే ఎక్కువ లాభపడ్డారని తేల్చారు. ఈ ఇద్దరు 2019లో మరొకరితో కలిసి నోబెల్ బహుమతి పొందారు. కనుక గొప్ప పట్టా లేదని మన యువతీయువకులు వెనుకాడనక్కరలేదు.

ఆచరణలో దీని అర్థమేమిటి? మొదటి వారం పాఠం చెప్పవద్దు. ఒక చిన్న పేరా చదివించండి, ఒక ఉత్తరం రాయించండి, అప్పు తీసుకునే తీసివేత, ఒక భాగహారం చేయించండి. బిడ్డ ఎక్కడ ఆగాడో తెలుస్తుంది. ఏడవ తరగతి బిడ్డ రెండవ తరగతి లెక్క దగ్గర ఆగితే నవ్వవద్దు, నలుగురిలో చెప్పవద్దు. అక్కడి నుండే మొదలుపెట్టండి.

3. అతడు సంతోషంతో తన దారిన సాగిపోయాడు

జ్ఞానస్నానం తర్వాత ఫిలిప్పు కనిపించలేదు. అయినా ఆ అధికారి దిగులుపడక సంతోషంతో ప్రయాణం సాగించాడు. నేర్పేవారి లక్ష్యం ఇదే. హోంవర్కు తామే రాసి ఇచ్చే అక్క, అన్న ఆ రోజుకు బిడ్డకు మేలు చేసినట్లు కనిపించినా, పరీక్ష హాలులో అతన్ని ఒంటరిని చేస్తారు. జవాబు చెప్పకుండా దారి చూపాలి. తప్పు చేసినప్పుడు, మళ్లీ ప్రయత్నించేదాకా ఓపిక పట్టాలి. పోపు ఫ్రాన్సిస్‌గారు 2019లో యువతకు రాసిన ‘క్రిస్తుస్ వీవిత్’ పత్రంలోనూ, మార్గదర్శకులు యువతను తమ వెంట ఊరికే నడిపించుకోక, వారితో కలిసి నడవాలనీ, తమ బలహీనతలు తాము ఎరిగి ఉండాలనీ బోధించారు.

మాట ఇస్తే నిలబెట్టుకోవాలి

ఈ సేవలో పెద్ద ప్రమాదం చదువు రాకపోవడం కాదు, మధ్యలో మానేయడం. పెద్దలు ఇచ్చిన మాట తప్పడం ఎన్నోసార్లు చూసిన బిడ్డ, మూడు వారాలు వచ్చి మానేసిన అన్నను చూసి, తనలోనే ఏదో లోపముందని అనుకుంటాడు. కాలేజీల్లో 1969 నుండి నడుస్తున్న జాతీయ సేవా పథకంలో విద్యార్థులు రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలి. అది మంచి పథకమే. కాని గంటలు పూర్తయ్యాయా అన్న ప్రశ్నతో పాటు, ఆ బిడ్డ ఎంతదాకా వచ్చాడన్న ప్రశ్న కూడా వేసుకోవాలి. వారానికి ఐదు రోజులని ఉత్సాహంగా చెప్పి మానేయడం కన్నా, రెండు రోజులని చెప్పి వార్షిక పరీక్షలదాకా రావడం మేలు. సెమిస్టరు పరీక్షలకు రాలేకపోతే ముందుగానే బిడ్డకు చెప్పి, బదులు మరొకరిని ఏర్పాటు చేయాలి.

విచారణలో మొదలుపెట్టాలంటే

విచారణ గురువులను, ఉపదేశిగారిని, సిస్టర్లను కలిసి మాట్లాడండి. ఒక్కొక్కరికి ముగ్గురు నలుగురు పిల్లలు చాలు. తల్లిదండ్రుల అనుమతి తీసుకోండి. అందరికీ కనిపించే విచారణ హాలులోనో, బడి వరండాలోనో, తలుపులు తెరిచి ఉంచి నేర్పండి. ఎప్పుడూ ఇద్దరు పెద్దలు ఉండాలి. బిడ్డతో ఒంటరిగా గదిలో ఉండకూడదు. చీకటి పడకముందే, ముఖ్యంగా ఆడపిల్లలను, ఇంటికి చేర్చాలి. బిడ్డ ఏదైనా బాధ చెప్పుకుంటే దాచిపెట్టక బాధ్యతగల పెద్దలకు తెలపాలి. ఏ మతం బిడ్డ అయినా రానివ్వండి. చదువును ఎరగా చూపి ఎవరి విశ్వాసాన్నీ కదిలించే ప్రయత్నం చేయవద్దు. ప్రేమతో చేసిన సేవే మన సాక్ష్యం.

తల్లిదండ్రులకు ఒక మాట

మా అబ్బాయి మార్కులు తగ్గుతాయేమోనని మీరు భయపడవచ్చు. వారానికి రెండు గంటలతో ఎవరి చదువూ పాడుకాదు. ఒకరికి అర్థమయ్యేలా చెప్పాలంటే ముందు తనకు బాగా అర్థం కావాలి. కనుక చెప్పినవారి చదువు కూడా గట్టిపడుతుంది. మనం ఎంతో కష్టపడి పిల్లలను చదివించాము. ఆ చదువు మన ఇంటి గడప దాటి మరో ఇంటికి చేరితే, దేవుడిచ్చిన వరాన్ని పాతిపెట్టక వృద్ధిచేసినవారమవుతాము.

కుటుంబంలో ఆలోచించుకోవడానికి

1. మన వీధిలో చదువులో వెనుకబడిన బిడ్డ ఎవరు? ఆ బిడ్డ పేరు మనకు తెలుసా?
2. మన ఇంట్లో చదువుకున్నవారు వారానికి ఎన్ని గంటలు ఇవ్వగలరు? ఎన్ని నెలలు నిలబడగలరు?
3. మనకు చదువు రాకపోయినా, ఆ పిల్లలకు చోటు, దీపం, కాస్త ఫలహారం ఇవ్వగలమా?

ఈ ఆదివారం దివ్యపూజాబలి ముగిశాక, ఇంటికి బయలుదేరే ముందు, మీ ఇంటి యువకునితోనో యువతితోనో కలిసి విచారణ గురువుల దగ్గరకు వెళ్లండి. ఒక్క బిడ్డ పేరు అడిగి తీసుకోండి. అంతటితో మొదలుపెట్టవచ్చు.