పెద్దబిడ్డ పేరుతో మొదలుపెడదాం

కుటుంబ పాఠం – ఆగమన కాలం

ఆగమన కాలం మూడో ఆదివారం దాటిందంటే ఆటోనగర్ ఇళ్లలో లెక్కలు మొదలవుతాయి. శనివారం చేతికొచ్చిన బటవాడాలో బియ్యానికెంత, ఇంటద్దెకెంత, పండుగ బట్టలకెంత అని భార్యాభర్తలు వేళ్లు మడిచి చూసుకుంటారు. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో ఈ లెక్క త్వరగా తెగుతుంది. నలుగురైదుగురు పిల్లలున్న ఇంట్లో, అన్నదమ్ముల పిల్లలంతా ఒకే కప్పు కింద పెరిగే ఇంట్లో అంత త్వరగా తెగదు. చంటివాడికి గిలక్కాయ, ఆరేళ్లవాడికి బొమ్మలారీ, తొమ్మిదేళ్ల పిల్లకు రంగు పెన్సిళ్లు కొనేసరికి డబ్బు అయిపోతుంది. అప్పుడు పెద్దపిల్లను పిలిచి, "నువ్వు పెద్దదానివి కదమ్మా, వచ్చే ఏడు చూద్దాంలే" అంటాం.

ఈ వారం పాఠం ఆ ఒక్క మాట గురించే.

మా ఇంట్లో జరిగినది

పరుల సంగతి ఎందుకు, మా ఇంటి సంగతే చెబుతాను. చాలా ఏళ్ల కిందటి మాట. మావారు లారీ బాడీలు కట్టే షెడ్డులో వడ్రంగి. మాకు ఐదుగురు పిల్లలు. క్రిస్మస్ రాత్రి పూజకు బయలుదేరే ముందు బహుమానాలకు కాగితం చుట్టి, పేర్లు రాసి, పశువుల పాక పక్కన పేర్చే పని మా పెద్దమ్మాయిది. అప్పుడు తనకు పదిహేనేళ్లు. దస్తూరి ముత్యాల్లా ఉంటుంది.

పూజ నుంచి తిరిగొచ్చాక మా ఆరేళ్లవాడు పొట్లాల మీది పేర్లు అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ అందరికీ పంచిపెట్టాడు. చివరి పొట్లం కూడా అయిపోయింది. వాడు పాక చుట్టూ ఒకసారి వెతికి, "అక్కా, నీదేదీ?" అన్నాడు. "నేను పెద్దదాన్ని కదరా" అని తను నవ్వింది.

ఆ మాట నేను నేర్పినదే. మూడేళ్లుగా నేను అంటూ వచ్చినదే. తన నోట విన్నాక గాని అది ఎంత బరువైన మాటో నాకు తెలియలేదు.

ప్రభువు చూపిన రెండు ఇళ్లు

లూకా సువార్త 15వ అధ్యాయంలోని తప్పిపోయిన కుమారుని కథ మనకు కంఠతా వచ్చు. అయితే దాని చివరి భాగం మనం తొందరగా చదివి ముగిస్తాం. ఇంట్లో విందు జరుగుతుంటే పెద్దకొడుకు గుమ్మం బయటే నిలబడిపోయాడు. అతని ఫిర్యాదు ఏమిటి? ఇన్నేళ్లు చాకిరీ చేసినా, స్నేహితులతో కలిసి పండుగ చేసుకోవడానికి తనకు ఒక్క మేకపిల్ల కూడా దొరకలేదని. తండ్రి ఆస్తంతా తనదేనని అతనికి తెలియదా? తెలుసు. అయినా తన పేరుతో, తన చేతికి, ఒక్కటంటే ఒక్కటి అందలేదు. తండ్రి కోపగించుకోలేదు. చిన్నవాడికి ఎదురెళ్లినట్టే పెద్దవాడి కోసం కూడా లేచి బయటికి వచ్చాడు. పెద్దబిడ్డ కోసం గుమ్మం దాటి రావడం కూడా తండ్రి ప్రేమలో భాగమేనని ప్రభువు మనకు చూపించాడు.

రెండో ఇల్లు యాకోబుది. ఆదికాండము 37వ అధ్యాయంలో యాకోబు తన ముద్దుల కొడుకు యోసేపుకు ఒక్కడికే ప్రత్యేకమైన అంగీ కుట్టించాడు. మిగిలిన అన్నల కళ్లలో ఆ అంగీ ముల్లయింది. చివరికి అదే అంగీని రక్తంలో ముంచి తండ్రి ముందు పెట్టారు. అందరికీ ఒకేలాంటిది ఇవ్వనక్కరలేదు గాని, ఒకరికి ఇచ్చి మిగిలిన వారిని మరచిపోతే బహుమానమే పగకు విత్తనం అవుతుంది.

పునీత నికోలాసు సంచులు

క్రిస్మస్ తాతగా లోకమంతా ఎరిగిన రూపం వెనుక ఉన్నది 4వ శతాబ్దంలో మీరా పట్టణానికి పీఠాధిపతిగా ఉన్న పునీత నికోలాసు. ఆయన పండుగ డిసెంబరు 6. తిరుసభ సంప్రదాయం ఆయన గురించి చెప్పే కథలో ఉన్నది పసిపిల్లలు కారు, పెళ్లీడుకొచ్చిన ముగ్గురు ఆడపిల్లలు. కట్నం ఇచ్చుకోలేని తండ్రి వారిని చెడ్డ బ్రతుకులోకి నెట్టే స్థితికి దిగజారాడు. నికోలాసు రాత్రిపూట ఎవరికీ తెలియకుండా బంగారు నాణాల సంచిని ఆ ఇంట్లోకి జారవిడిచాడు. ఆ సొమ్ముతో మొదట పెద్దమ్మాయి పెళ్లయింది. తర్వాత రెండో సంచి, ఆ తర్వాత మూడోది.

ఈ కథ మనకు మూడు సంగతులు నేర్పుతుంది. ఆయన అవసరం ఎరిగి ఇచ్చాడు. ఒక్కొక్కరికి విడివిడిగా ఇచ్చాడు. పెద్దబిడ్డతో మొదలుపెట్టాడు. బహుమానాలకు పేరుపొందిన పునీతుడే అలా చేస్తే, మన జాబితా చంటివాడితో మొదలై పెద్దపిల్ల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోవడం న్యాయమా?

మొదట ఒక కాగితం తీయండి

కాబట్టి బజారుకు వెళ్లే ముందు భార్యాభర్తలు కలిసి కూర్చుని పిల్లల పేర్లు పెద్ద నుంచి చిన్నకు వరుసగా రాయండి. ప్రతి పేరు పక్కన రెండు మాటలు రాయండి: ఈ ఏడు ఈ బిడ్డ కొత్తగా ఏమి చేయడం మొదలుపెట్టింది? ఈ బిడ్డకు ఏమి కొరతగా ఉంది? ఈ రెండూ రాయలేకపోతే మనం ఆ బిడ్డను చూసి చాలా రోజులైందని అర్థం. అప్పుడు బజారుకన్నా ముందు ఆ బిడ్డ దగ్గరికి వెళ్లాలి.

ధర అందరికీ సమానంగా ఉండనక్కరలేదు. పొట్లాల లెక్క మాత్రం సమానంగా ఉండాలి. చిన్నపిల్లలు ఎవరికెన్ని వచ్చాయో లెక్కపెడతారు. పెద్దపిల్లలు ధర కూడా గమనిస్తారు. వారికి దాచకుండా చెప్పండి. "ఈసారి తమ్ముడికి ఇది అవసరం, అందుకే ఇంతయింది" అని నిజం చెబితే పదమూడేళ్ల పిల్ల అర్థం చేసుకుంటుంది. దాచిపెడితేనే నొచ్చుకుంటుంది.

ఏ వయసుకు ఏమిటి?

బాలయేసు కూడా ఒక్కసారిగా పెద్దవాడు కాలేదు. వయసులోను, జ్ఞానంలోను క్రమంగా ఎదిగాడని లూకా సువార్త 2వ అధ్యాయం చివర చదువుతాం. మన పిల్లల ఎదుగుదలకు కూడా ఒక వరుస ఉంది.

మూడేళ్ల లోపు: చేతికందినదల్లా నోటికి వెళ్లే వయసు. ఊడివచ్చే కళ్లు, చక్రాలు, గుండీలు ఉన్న బొమ్మ వద్దు. బటన్ బ్యాటరీలు ఉన్నవి అసలే వద్దు. అవి మింగితే కొద్ది గంటల్లోనే లోపల అన్నవాహికను కాల్చేస్తాయి. ఏటికొప్పాకలో అంకుడు కర్రను నున్నగా చిత్రిక పట్టి, లక్కతో రంగులద్దిన పెద్ద గిలక్కాయ, బొంగరంలాంటి గుండ్రని బొమ్మ ఈ వయసుకు బాగుంటాయి. కర్మాగారంలో తయారైన బొమ్మ అయితే ఐ.ఎస్.ఐ. గుర్తు చూసి కొనండి. 2021 జనవరి నుంచి మన దేశంలో అది తప్పనిసరి. మరొక్క మాట: ఈ వయసు బిడ్డకు ధర తెలియదు. స్టీలు గిన్నె, గరిటె ఇచ్చినా గంటసేపు ఆడుకుంటాడు. కాబట్టి జాబితాలో తక్కువ ఖర్చు ఇక్కడే కావాలి. మనం మాత్రం ఎక్కువ ఖర్చు ఇక్కడే చేస్తాం!

నాలుగు నుంచి ఆరేళ్లు: అమ్మలా, నాన్నలా ఆడే వయసు. లక్కపిడతలు, బొమ్మలారీ, ఒకదానిమీద ఒకటి పేర్చే చెక్కముక్కలు తగినవి. ఆడపిల్ల లారీ అడిగినా, మగపిల్లవాడు లక్కపిడతలు అడిగినా నవ్వకండి.

ఏడు నుంచి పదేళ్లు: నియమాలు పెట్టుకుని జట్టుగా ఆడే వయసు. వైకుంఠపాళి, తాడు, షటిల్ బ్యాట్లు, రంగు పెన్సిళ్లు, బొమ్మల బైబిలు కథల పుస్తకం. తొలిసారి దివ్యసత్ప్రసాదం స్వీకరించిన బిడ్డకు తనదైన జపమాల. క్యారమ్ బోర్డు కొంటే అది అందరిదని ముందే చెప్పండి. ఒకరి పేరు రాసి అందరూ వాడుకుంటే ఆ ఒక్కరికి ఏమీ ఇవ్వనట్టే.

పదకొండు నుంచి పదమూడేళ్లు: ఉత్తుత్తి వస్తువులు ఇక ఆనవు, నిజమైనవి కావాలి. ఆటోనగర్ పిల్లవాడు రోజూ నాన్న చేతిలో స్పానర్ చూస్తాడు. చిన్న స్క్రూడ్రైవర్ల సెట్టు, పాత బేరింగులు నాలుగు, ఒక చెక్క ఇచ్చి, నాన్న ఒక సాయంత్రం పక్కన కూర్చుని బేరింగుల బండి చేయిస్తే ఆ బహుమానానికి వెలకట్టలేం. బండి మాత్రం లారీలు తిరిగే రోడ్డు మీద కాదు, వాకిట్లోనే. పనిముట్టు ఇవ్వడమంటే పనిలో పెట్టడం కాదు. పద్నాలుగేళ్ల లోపు బిడ్డను షెడ్డులో కూలికి పెట్టడం చట్టానికీ, దేవునికీ విరుద్ధం. ఆడపిల్లలకూ ఇదే సూత్రం: మంచి జామెట్రీ బాక్సు, కుట్టుపని పెట్టె, ఇష్టమైతే అదే స్క్రూడ్రైవర్ల సెట్టు.

పద్నాలుగేళ్లు దాటాక: వీరికి కావలసినవి రెండు. తనదంటూ ఒక చోటు, తానే ఎంచుకునే స్వేచ్ఛ. చేతి గడియారం, మంచి పెన్ను, తన పేరు రాసిన పరిశుద్ధ గ్రంథం, కాలేజీ సంచి. లేదా ఒక మధ్యాహ్నం అమ్మతో ఒక్కతే బీసెంట్ రోడ్డుకో, వస్త్రలతకో వెళ్లి తన బట్ట తానే ఎంచుకోవడం. ఏడుగురున్న ఇంట్లో అమ్మ ఒక్కదానికే దొరకడం చిన్న విషయం కాదు. సెల్‌ఫోను సంగతి అడుగుతారు. అవసరమైతే అది చదువు కోసం ఇంటిదిగా కొనండి, ఏ ఒక్కరి పండుగ బహుమానంగానో వద్దు. దాని వెనుక నెలనెలా ఖర్చు ఉంటుంది, కాపలా ఉంటుంది.

పాత బొమ్మను ఎవరు ఇవ్వాలి?

పెద్ద కుటుంబంలో బొమ్మలు, బట్టలు పైనుంచి కిందికి దిగుతాయి. అందులో సిగ్గుపడవలసినది లేదు. అయితే పెద్దబిడ్డ చేతిలోంచి లాగి చిన్నబిడ్డకు ఇవ్వడం వేరు, పెద్దబిడ్డే తన చేతులతో ఇవ్వడం వేరు.

పునీత చిన్న తెరేజమ్మ ఇంట్లో జరిగినది చూడండి. ఆమె తల్లిదండ్రులు లూయీ, జేలీ మార్టిన్ దంపతులకు తొమ్మిదిమంది పిల్లలు పుట్టగా ఐదుగురు బ్రతికారు. ఆ దంపతులను 2015 అక్టోబరులో పోప్ ఫ్రాన్సిస్ పునీతులుగా ప్రకటించారు. అక్క లియోనీ ఒకరోజు తనకు బొమ్మల వయసు దాటిపోయిందనుకుని, బొమ్మనూ, దాని బట్టలనూ, గుడ్డపీలికలనూ బుట్టలో పెట్టుకుని చెల్లెళ్ల దగ్గరికి తానే వచ్చింది, ఎంచుకోమంది. సెలీన్ ఒక్క అల్లికతాడు తీసుకుంటే, బుల్లి తెరేజ అన్నీ నాకే కావాలంటూ బుట్టంతా పట్టుకుపోయింది! పిల్లలున్న ప్రతి ఇంట్లో జరిగేదే ఇది. గమనించవలసినది లియోనీని. ఎవరూ చెప్పకుండా, సమయం వచ్చిందని తనకు తోచినప్పుడు, తానే ఇచ్చింది. మన పిల్లలకూ ఆ గౌరవం మిగల్చాలి.

అప్పు చేసి వద్దు

పశువుల తొట్టిలో పవళించిన ప్రభువు పండుగకు వడ్డీకి తెచ్చిన డబ్బు ఎందుకు? కాల్ మనీ వడ్డీల కింద ఎన్ని కుటుంబాలు నలిగాయో 2015లో మన విజయవాడ కళ్లారా చూసింది. మరియమ్మ, జోజప్ప బాలయేసును దేవాలయంలో కానుకగా సమర్పించినప్పుడు పేదలు ఇచ్చే జత పక్షులనే ఇచ్చారు. దేవుడు దానిని తక్కువగా చూడలేదు.

డబ్బు చాలకపోతే బహుమానాలన్నీ ఒకేరోజు ఇవ్వనక్కరలేదు. జ్ఞానులు బంగారము, సాంబ్రాణి, పరిమళ ద్రవ్యము తెచ్చిన పండుగ జనవరి మొదట్లోనే వస్తుంది. అదే రోజుల్లో మన ఊళ్లో పుస్తక మహోత్సవం జరుగుతుంది. పెద్దపిల్లల్ని తీసుకెళ్లి ఆ పండుగ పేరుతో ఒక్కొక్క పుస్తకం కొనివ్వవచ్చు. అయితే ఆ మాట క్రిస్మస్ నాడే చీటీ మీద రాసి, వారి పేరుతో పొట్లం కట్టి ఇవ్వండి. ఆ మాట తప్పకండి.

ఇంటిల్లిపాదికీ ఒకటి

1223లో పునీత అస్సిసిపుర ఫ్రాన్సిస్ గ్రెచ్చో గ్రామంలో పశువుల పాకను ఏర్పాటు చేశారు. మన ఇంటి పాకకు ఏటా ఒక కొండపల్లి బొమ్మ చేర్చుకుందాం. తెల్ల పొణికి చెక్కతో చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి చేసే ఆ ఎద్దుబండి, నీళ్లు మోసే స్త్రీ, తాటిచెట్టు మన కృష్ణా తీరపు బెత్లెహేమును కళ్లముందు నిలబెడతాయి. చంటివాళ్లు నోట పెట్టుకునేవి కావు గనుక అందకుండా పెట్టాలి. ఏ బొమ్మ కొనాలో ఎంచుకునే వంతు ఏడాదికొక బిడ్డది. మొదటి ఏడు ఎవరి వంతో మీకు తెలిసే ఉంటుంది.

మా పెద్దమ్మాయి సంగతి ముగించాలి. ఆ జ్ఞానుల పండుగకు "నీకేం కావాలి?" అని అడిగితే చాలాసేపు ఆలోచించి, "తాళం వేసుకునే పెట్టె" అంది. ఏడుగురం తిరిగే రెండు గదుల ఇంట్లో తన ఉత్తరం, తన రిబ్బను, తన పది రూపాయలు ఎవరూ కదపని చోటు ఎక్కడా లేదని నాకు అప్పుడే తెలిసింది. మావారు షెడ్డు యజమానిని అడిగి మిగిలిపోయిన టేకు ముక్కలు తెచ్చి నాలుగు రాత్రులు కూర్చుని పెట్టె చేశారు. తాళానికి ఒకటే చెవి. అది తనకే ఇచ్చాం.

ఇంట్లో కలిసి ఆలోచించుకోవడానికి

1. నిరుడు మన ఇంట్లో ఎవరి పేరుతో పొట్లం లేదు?
2. "నువ్వు పెద్దవాడివి" అనే మాటను మనం మెచ్చుకోవడానికి వాడుతున్నామా, తప్పించుకోవడానికి వాడుతున్నామా?
3. తల్లి గాని, తండ్రి గాని లేని బిడ్డ మన వీధిలో ఎవరైనా ఉన్నారా? మన జాబితాలో ఆ పేరుకు చోటుందా?

ప్రార్థన

బాలయేసువా, నీవు మా మధ్య బిడ్డగా పుట్టి, క్రమంగా ఎదిగావు. మాకిచ్చిన బిడ్డలలో ప్రతి ఒక్కరినీ పేరుపెట్టి ఎరిగే మనసు మాకు దయచేయుము. చిన్నవారిని ఎత్తుకున్న చేతులతోనే పెద్దవారిని కూడా దగ్గరకు తీసుకునేలా మమ్మల్ని దీవించుము. ఆమెన్.