పాత సరుకుబండి కమాను పట్టీలు: పరీక్షించుట, మార్చుట

కోతలు ముగిసి ధాన్యము మిల్లులకు చేరిన పిదప మన బండ్లకు కొంత విశ్రాంతి దొరకును. ఆ విరామమున రైతులు ఇంజను నూనె మార్పింతురు, టైరులు చూచుకొందురు, కొందరు రంగుకూడ వేయింతురు. బండి క్రిందికి వంగి కమాను పట్టీలను చూచువారు మాత్రము అరుదు. ఎడ్లబండ్ల కాలమున ఇరుసునకు కందెన పెట్టనిదే బరువు బండిని కదల్చెడివారు కారు. పికప్ బండి వచ్చినతోడనే ఆ జాగ్రత్త మనలను విడిచిపోయినట్లున్నది.

మా సంఘపు బండి పదునాలుగేండ్ల పాతది. మొన్నటి సార్వా కోతలలో, తూము దాటినప్పుడెల్ల వెనుకనుండి టక్కుమను చప్పుడు వచ్చుచున్నదని డ్రైవరు రెండుమారులు చెప్పెను. ఒక మేస్త్రీ చూచి షాక్ అబ్సార్బరులు పోయినవనెను. వానిని మార్చుటకు సంతకము చేసినవాడను నేనే. అవి మార్చినను చప్పుడు పోలేదు. కోతల తొందరలో దానిని మరచితిమి. పది దినములకు 28 బస్తాలతో కాలువగట్టుమీద పోవుచుండగా ఎడమవైపు మెయిన్ పట్టీ విరిగి, ఇరుసు వెనుకకు జరిగి, బండి కాలువవైపునకు ఒరిగెను. బస్తాలపై కూర్చున్న హమాలీలిద్దరు దుమికిరి. గట్టుననున్న తుమ్మచెట్టు అడ్డుపడుటచే బండి నిలిచెను. ఆరు బస్తాలు నీటిపాలయ్యెను, ప్రాణములు దక్కినవి. (బస్తాలపై మనుష్యుల నెక్కించుట వేరొక తప్పు. దానిని మా సంఘమున ఆనాటితో మాన్పితిమి.)

విరిగిన పట్టీని ఇంటికి తెచ్చి పరీక్షించితిని. తెగిన చోట మూడింట రెండువంతులు నల్లబడి తుప్పుపట్టియుండెను. మిగిలిన వంతు మాత్రము వెండివలె మెరయుచుండెను. అనగా బీట చాల దినములక్రిందటనే పుట్టి, కొంచెము కొంచెముగా పెరుగుచు వచ్చినది. ఆనాడు తెగినది మిగిలిన కొలది ఉక్కు మాత్రమే. ఆ బీట నడిమి రంధ్రమువద్ద పుట్టినది. అచటనే ఏల పుట్టవలెనో తెలియవలెనన్న, ఈ భాగములు పనిచేయు తీరు కొంత తెలిసికొనవలెను.

కమాను కట్టలోని పట్టీలన్నిటికి పైదియు, పొడవైనదియు మెయిన్ పట్టీ. దాని రెండు కొనలును కన్నులవలె చుట్టబడియుండును. వెనుక కమానులలో సాధారణముగా ముందరి కన్ను పిన్నుతో ఛాసీకి నేరుగా తగిలింపబడియుండును. వెనుకటి కన్ను షాకిలు అను ఊగెడి లంకెకు తగిలియుండును. బరువు పడి పట్టీ చదునైనప్పుడు దాని పొడవు సాగును గనుక ఆ కొన ముందువెనుకలకు కదలుటకు తావుండవలెను. షాకిలు బురదతోను తుప్పుతోను పట్టుకొనిపోయినచో ఆ బాధ యంతయు పట్టీమీద పడును. కంటికిని పిన్నుకును నడుమ ఇత్తడిదో రబ్బరుదో బుష్షు ఉండును. అరుగుటకై పెట్టిన భాగమదియే. అది అరిగిన తరువాతకూడ నడిపినచో పిన్ను అరుగును, పిమ్మట కన్ను అరుగును. కన్ను అరిగినచో మెయిన్ పట్టీయే పోయినదని యెంచవలెను.

ఇక నడిమి భాగము. పట్టీలన్నిటిని గ్రుచ్చి యొక సెంటరు బోల్టు ఉండును. ఇరుసును పట్టియుంచునది అదియేనని పలువురు తలతురు, అది పొరపాటు. దాని పని పట్టీలను వరుసలో నుంచి, ఇరుసునకు చోటు చూపుట మాత్రమే. పట్టు అంతయు యూ బోల్టులది. అవి బిగువుగా నున్నంతకాలము పట్టీ నడిమిభాగము వంగదు. అవి సడలినచో ప్రతి గోతిలోను అచటనే వంగును. రంధ్రమున్నచోట ఉక్కు తక్కువ గనుక బీట అచటనే పుట్టును. మా బండికి జరిగినది ఇదియే. టక్కుమను చప్పుడు సడలిన యూ బోల్టులది, అరిగిన బుష్షులది. షాక్ అబ్సార్బరులది కాదు.

మన డెల్టాలో ఈ భాగములు త్వరగా అరుగుటకు కారణములు కలవు. నల్లరేగడి బురద షాకిలులో చేరి ఎండి రాయివలె నగును. కైకలూరు ప్రాంతమున చేపల తొట్లు మోయు బండ్లకు నీరు నిత్యము కమానులమీద కారుచుండును. బందరు, నాగాయలంక వైపున ఉప్పుగాలి దానికి తోడగును. గట్టుబాట ఒకవైపునకు వాలియుండుటచే ఎప్పుడును ఆ దారినే తిరుగు బండికి ఒకవైపు కమాను ముందుగా కూలబడును. అన్నిటిని మించినది అధికభారము. టన్నున్నర మోయు పికప్ బండికి 75 కిలోల బస్తాలు 20 సరిపోవును. మేము 28 వేసితిమి; అనగా 600 కిలోలు ఎక్కువ. అదియును యంత్రముతో కోసిన పచ్చిధాన్యము. 17 శాతము తేమతో 75 కిలోలు తూగు ధాన్యము 25 శాతము తేమతో నున్నప్పుడు 83 కిలోలు తూగును. బస్తాలు లెక్కించినాము గాని, తూకము లెక్కింపలేదు.

పరీక్షకు మేస్త్రీ యక్కరలేదు. బండిని ఖాళీగా, సిమెంటు కళ్లమువంటి సమతలముపై నిలుపవలెను. చక్రము నడిమినుండి పైనున్న మడ్‌గార్డు అంచువరకు రెండువైపుల కొలువవలెను. ఒకవైపు తగ్గియున్నచో ఆ వైపు కమాను కూలబడినదనుట స్పష్టము. తరువాత తీగబ్రష్షుతో బురద వదల్చి, ఇనుప గడతో కమాను కంటిని అటునిటు ఎత్తి చూడవలెను. పిన్నుమీద కన్ను కదలి చప్పుడైనచో బుష్షు పోయినది. యూ బోల్టుల దగ్గర ఎర్రని తుప్పుపొడి కారినట్లుండుటగాని, పట్టీల అంచులు ఒరిసికొని మెరయుటగాని సడలికకు గురుతు. ఒక పట్టీ ప్రక్కకు జరిగియున్నను, ముందు నడుచు బండి వెనుకచక్రములు ముందుచక్రముల జాడలో పోక పక్కగా పోవుచున్నను, సెంటరు బోల్టు తెగినదేమోయని శంకింపవలెను. అట్టి బండిపై ఆ దినము సరుకు వేయరాదు.

మార్చుపనికి దిగువారు ముందు తమ ప్రాణము చూచుకొనవలెను. జాకీమీద మాత్రమే నిలిచిన బండిక్రింద దూరరాదు. మెత్తనేలలో జాకీ దిగిపోవును గనుక దానిక్రింద పలక వేయవలెను. ఛాసీక్రింద ఇనుప స్టాండులుగాని, దిట్టమైన చెక్కదిమ్మెలుగాని పెట్టవలెను. మన గ్రామములలో ఇటుకలు పేర్చు అలవాటున్నది. ఇటుక ముందుగా చెప్పి పగులదు. ముందుచక్రములకు ఆపురాళ్లు పెట్టి, ఇరుసును వేరొక జాకీతో మోయించి, బరువు దిగిన పిమ్మటనే యూ బోల్టులు విప్పవలెను. తుప్పుపట్టిన నట్లకు ముందునాటి రాత్రియే నూనె పోసియుంచిన సగము పని తీరును.

బుష్షులు, పిన్నులు ఒకవైపు పోయినను రెండువైపుల మార్చుట మేలు. పట్టీ విషయమునను అంతే: ఒకవైపు క్రొత్తది, మరొకవైపు పదునాలుగేండ్లది యుండిన బండి ఒరిగియే నడచును. విజయవాడ ఆటోనగర్‌లో కూలబడిన పట్టీలను మరల వంపు కొట్టి యిచ్చు పనివారు కలరు. బీటలేని పట్టీకి అది కొంతకాలము పనికివచ్చును. మెయిన్ పట్టీకి మాత్రము క్రొత్తదే కొనుడని నా యభిప్రాయము. విరిగిన పట్టీని వెల్డింగు చేయించుట కేవలము ఆత్మవంచన. వెల్డింగు వేడికి ఉక్కునకు పెట్టిన పదును చెడి, అతుకు ప్రక్కనే మరల తెగును. యూ బోల్టులు ఒకమారు బిగింపున సాగినవి గనుక విప్పినవానిని మరల వాడరాదు. వాని వెలకై పీనాసితనము వలదు.

రబ్బరు బుష్షులున్న బండికి ఒక మెళకువ కలదు. బండి గాలిలో వ్రేలాడుచుండగా పిన్ను నట్లను కడదాక బిగించినచో, బండి దిగినతోడనే రబ్బరు మెలివడి కొలదినాళ్లకే చినుగును. చేతిబిగువుగా ఉంచి, చక్రములు నేలపై నిలిపి, బరువు పడిన తరువాతనే గట్టిగా బిగింపవలెను. యూ బోల్టుల నట్లను వరుసగా గాక ఎదురెదురుగా, కొంచెము కొంచెముగా, బండితో వచ్చిన పుస్తకమున చెప్పిన బిగువువరకు త్రిప్పవలెను. పట్టీలకు పాత ఇంజను నూనె పూయు ఆచారమును మానవలెను. అది రబ్బరును తినివేయును.

పట్టీ విరిగినప్పుడు "ఇంకొక పట్టీ ఎక్కువ వేయించండి, ముప్పది బస్తాలైనను మోయును" అని సలహా చెప్పువారు తప్పక దొరకుదురు. మాకును దొరకిరి. పట్టీ వేసిన కమాను గట్టిపడును, నిజమే. దానితో బ్రేకులు పెరుగవు, టైరులు పెరుగవు, ఇరుసు బేరింగులు పెరుగవు. బండి క్రుంగుట చూచి యిన్ని బస్తాలు చాలునని తెలిసికొనుచుంటిమి. ఆ గురుతుకూడ పోవును. మేము కంపెనీ లెక్కప్రకారమే పట్టీలు వేయించి, తొట్టి ప్రక్కపలకపై ఎండుధాన్యము 20, పచ్చిధాన్యము 18 అని తెల్లరంగుతో వ్రాయించితిమి. ఒక ట్రిప్పు అదనమగుచున్నదని సభ్యులలో కొందరు ఇంకను గొణుగుచునే యున్నారు.

క్రొత్త యూ బోల్టులు మొదట కొంత సర్దుకొనును గనుక 500 కిలోమీటర్లు తిరిగిన తరువాత మరల బిగింపవలెను. మా బండికి అట్లు చేసినప్పుడు ఎనిమిది నట్లలో ఐదు పావుచుట్టు తిరిగినవి.