తెరపై బొమ్మ రాని కంప్యూటరు: దోషనిర్ణయ పద్ధతి

నేడు మన విద్యార్థులలో అనేకుల ఇండ్లలో డెస్క్‌టాప్ కంప్యూటరు కలదు. అది కొత్తదే కానక్కరలేదు. ఏదో కార్యాలయము వాడి తీసివేసిన యంత్రమును కొన్నవారును, సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరులో విడిభాగములు కొని కూర్చుకొన్నవారును మనలో కలరు. అట్టి యంత్రము ఒకనాడు, సాధారణముగా ప్రాజెక్టు నివేదిక సమర్పించవలసిన వారములోనే, బటను నొక్కగా ఫ్యానులు తిరిగియు తెర మాత్రము నల్లగా ఉండిపోవును. దుకాణమునకు మోసికొని పోయినచో "మదర్‌బోర్డు పోయినది" అను ఒక్క మాటతో వేల రూపాయల లెక్క వినవలసి వచ్చును. ఆ మాట నిజమే కావచ్చును. కాని అది పరీక్షలన్నియు ముగిసిన పిమ్మట చెప్పదగిన తీర్పే గాని పరీక్షకు ముందు చెప్పదగినది కాదు. ఆ పరీక్షలలో పెక్కింటికి ఒక స్క్రూడ్రైవరు, ఒక పెన్సిలు రబ్బరు, కొంత ఓపిక చాలును.

మొదట యంత్రము మేలుకొను క్రమమును గ్రహింపవలెను. గోడ స్విచ్చి వేయగానే విద్యుత్ సరఫరా పెట్టె, అనగా ఎస్.ఎం.పి.ఎస్., ఊదారంగు తీగ ద్వారా మదర్‌బోర్డునకు 5 వోల్టుల స్వల్ప సరఫరా నిరంతరము పంపుచుండును. మనము బటను నొక్కినప్పుడు మదర్‌బోర్డు ఆకుపచ్చ తీగను సున్న వోల్టులకు దించును. అది సరఫరా పెట్టెకు పిలుపు. అప్పుడు 12, 5, 3.3 వోల్టుల సరఫరాలు మొదలై, అవి నిలకడగా ఉన్నవని బూడిదరంగు తీగపై సంకేతము వచ్చును. ఆ సంకేతము రానిదే ప్రాసెసరు పని ప్రారంభింపదు. వచ్చిన పిదప అది బయోస్ చిప్పులోని ఆదేశములను చదివి, ర్యామ్‌ను సిద్ధపరచి, చిత్రవిభాగమును లేపును. ఇంత జరిగిన తరువాతనే తెరపై తయారీదారుని చిహ్నము కనపడును. ఈ తీగల అమరిక 1995లో ఇంటెల్ సంస్థ వెలువరించిన ఏ.టి.ఎక్స్. ప్రమాణమునకు చెందినది. కొన్ని పెద్ద సంస్థల యంత్రములలో ప్లగ్గులు, రంగులు వేరుగా ఉండవచ్చును గాని క్రమము మాత్రము ఇట్టిదే.

కావున బొమ్మ రాలేదనుట ఒక వ్యాధి పేరు కాదు. ఈ గొలుసులో ఏదో ఒక కొలికి తెగినదని మాత్రమే దాని అర్థము. పైన చెప్పిన చిహ్నము సైతము కనపడనప్పుడు విండోస్‌ను నిందించుట వ్యర్థము, ఏలయనగా దాని వంతు ఇంకను రాలేదు. చిహ్నము కనపడి, విండోస్ వచ్చు వేళకు తెర నల్లబడినచో అది వేరు సమస్య. డ్రైవరు మొదలైన సాఫ్ట్‌వేరు దోషములను అప్పుడు వెదకవలెను.

పరీక్ష మానిటరుతో ప్రారంభింపవలెను. తెరపై "సిగ్నల్ లేదు" అను మాట కనపడినచో అది శుభవార్తయే, మానిటరు బ్రతికియున్నది. ఏమియు కనపడనప్పుడు చీకటి గదిలో తెరపైకి టార్చిలైటు వాలుగా వేసి చూడవలెను. మసకగా బొమ్మ కదలినచో యంత్రము పనిచేయుచున్నది, తెర వెనుక దీపము ఆరినది. ఆ పిదప కేబులు ఎచట తగిలించితిమో చూడవలెను. ప్రత్యేక గ్రాఫిక్స్ కార్డు గల యంత్రములో కేబులును దానికే తగిలింపవలెను గాని మదర్‌బోర్డు వెనుకనున్న రంధ్రమునకు కాదు. ఇంటెల్ ప్రాసెసరు సంఖ్య చివర 'ఎఫ్' అను అక్షరము ఉన్నచో అందు చిత్రవిభాగమే పనిచేయదు. అట్టి యంత్రమునకు కార్డు లేనిదే బొమ్మ రానేరదు. కార్డు మీద 6 లేక 8 సూదుల విద్యుత్ ప్లగ్గు ఉన్నచో అదియు బిగించి ఉండవలెను.

ఇక ఫ్యానుల విషయము. ఫ్యాను తిరుగుచున్నది గనుక కరెంటు అంతటా సరిగానే అందుచున్నదని మనవారిలో ఒక గట్టి నమ్మకము కలదు. అది నిలువదు. ఫ్యాను తిరుగుటకు 12 వోల్టులు ఉన్నచో చాలును, ప్రాసెసరు సంగతి దానికి పట్టదు. ప్రాసెసరునకు వేరుగా 4 లేక 8 సూదుల ప్లగ్గు మదర్‌బోర్డు పైమూలన తగిలియుండును. ఆ ఒక్కటి ఊడినను ఫ్యానులన్నియు హాయిగా తిరుగుచునే ఉండును, తెర మాత్రము నల్లగా ఉండును. యంత్రము జీవించియున్నదా అని తెలిసికొనుటకు ఫ్యాను కంటె కీబోర్డు మేలైన సాక్షి. ఒక నిమిషము ఆగి నమ్ లాక్ మీట నొక్కినప్పుడు దాని దీపము వెలిగి ఆరుచున్నచో ప్రాసెసరు, ర్యామ్ పనిచేయుచున్నవనియు, లోపము చిత్రవిభాగము వైపున్నదనియు ఊహింపవచ్చును.

యంత్రము తన బాధను తానే చెప్పుకొను ఏర్పాటును ఒకటి కలదు. 1981 ఆగస్టులో ఐ.బి.ఎం. సంస్థ విడుదల చేసిన పర్సనల్ కంప్యూటరులోనే ఇది ఉండెను. అన్నియు సరిగా ఉన్నచో ఒక చిన్న బీప్, చిత్రవిభాగములో లోపమున్నచో ఒక పొడుగు, రెండు పొట్టి బీప్‌లు వినపడెడివి. తరువాతి బయోస్ తయారీదారులు తమ తమ సంకేతములు ఏర్పరచుకొనిరి గనుక బోర్డుతో వచ్చిన పుస్తకమును చూచియే అర్థము చెప్పుకొనవలెను. ఇప్పటి బోర్డులలో చాలవాటికి స్పీకరు రాదు. దానిని విడిగా కొని తగిలింపవచ్చును, ధర స్వల్పము. కొన్ని బోర్డులపై సీపీయూ, ర్యామ్, గ్రాఫిక్స్, డిస్కు అని నాలుగు చిన్న దీపములుండును. ఏ దీపము వద్ద ఆగినదో చూచినచో సగము పని తీరును.

ఇచట ఒక చక్కని యుక్తి. ప్లగ్గు తీసి, ర్యామ్ పలకలన్నియు ఊడదీసి, స్పీకరు తగిలించి యంత్రమును ఆన్ చేయవలెను. ర్యామ్ లేదని బీప్‌లతో అది మొరపెట్టుకొన్నచో ప్రాసెసరు, బయోస్ చిప్పు, బోర్డులోని ముఖ్యభాగము బ్రతికియున్నవి. ఆ మొర వినపడిన యంత్రమునకు మదర్‌బోర్డు పోయినదని ఎవరైన చెప్పినచో నిదర్శనము చూపుమని అడుగుటకు మనకు హక్కు కలదు. నిశ్శబ్దముగా ఉన్నచో ప్రాసెసరు, బోర్డు, సరఫరా పెట్టె అను మూడింటిపై అనుమానము నిలుచును.

పాత యంత్రములలో తరచుగా దొరకు దొంగ ర్యామే. మన ఊళ్ల దుమ్ము, తేమ వలన దాని బంగారు పూత అంచుపై పలుచని పొర ఏర్పడి స్పర్శ చెడును. ప్లగ్గు తీసి, లోహపు డబ్బాను చేతితో తాకి ఒంటిలోని స్థిరవిద్యుత్తును పోగొట్టుకొని, పలకను తీసి అంచును రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడిని పూర్తిగా తుడిచి, గాడి సరిచూచి, రెండు ప్రక్కల క్లిప్పులు టక్కున పడువరకు అదుమవలెను. ఇంతతో లేచి కూర్చున్న యంత్రములు ఎన్నియో. లేవనిచో తర్కమునకు పని పెట్టవలెను. రెండు పలకలు, రెండు గాడులు ఉన్నవనుకొందము. ఒక్కొక్క పలకను ఒక్కొక్క గాడిలో ఒంటరిగా ఉంచినచో పరీక్షలు నాలుగగును. ఒకే పలక రెండు గాడులలోను విఫలమై, రెండవది రెండింటను పనిచేసినచో దోషము పలకది. రెండు పలకలును ఒకే గాడిలో విఫలమైనచో దోషము గాడిది. నాలుగును విఫలమైనచో ర్యామ్‌ను నిర్దోషిగా విడిచి ముందుకు పోవచ్చును, రెండు పలకలు ఒకేసారి చెడుట అరుదు గనుక. ఒక్క హెచ్చరిక: డి.డి.ఆర్.5 ర్యామ్ గల కొత్త యంత్రములు మొదటిసారి ర్యామ్‌ను సరిచూచుకొనుటకు కొన్ని నిమిషములు తీసికొనును. తొందరపడి ఆపివేయరాదు.

తరువాత గ్రాఫిక్స్ కార్డు, డిస్కులు, యు.ఎస్.బి. పరికరములు అన్నియు తొలగించి ప్రాసెసరు, ఒక ర్యామ్ పలక, సరఫరా పెట్టె మాత్రము ఉంచి చూడవలెను. ప్రాసెసరులో చిత్రవిభాగము లేనిచో కార్డును ఉంచక తప్పదు. బొమ్మ వచ్చినచో తీసినవానిని ఒక్కొక్కటిగా చేర్చుచు, ప్రతిమారు యంత్రము ఆపి, ఆన్ చేయవలెను. ఒకేసారి రెండు చేర్చినవానికి ఏది దోషియో తెలియదు. బోర్డుపైనున్న నాణెము వంటి సి.ఆర్.2032 బ్యాటరీని ప్లగ్గు తీసిన పిదప కొన్ని నిమిషములు ఊడదీసి పెట్టినచో బయోస్ అమరికలు సాధారణముగా తొలి స్థితికి వచ్చును. ఇదియు చేసి చూడదగినదే.

సరఫరా పెట్టెను అనుమానించినప్పుడు మల్టీమీటరుతో యంత్రము ఆన్‌లో ఉండగా కొలువవలెను. 12 వోల్టుల తీగపై 11.4 నుండి 12.6 వరకును, 5 వోల్టుల తీగపై 4.75 నుండి 5.25 వరకును ఉన్నచో ప్రమాణమునకు లోబడినట్లే. ఆ పెట్టెను మాత్రము విప్పరాదు. 230 వోల్టుల కరెంటును నేరు విద్యుత్తుగా మార్చినచో దాదాపు 325 వోల్టులగును, ప్లగ్గు తీసిన పిదపను అది లోపలి కెపాసిటరులో కొంతసేపు నిలిచియుండును. చెడిన పెట్టె అని తోచినచో మిత్రుని మంచి కార్డును తెచ్చి దానికి తగిలించి పరీక్షింపరాదు, కార్డునకును ముప్పు రావచ్చును. మంచి పెట్టెనే అరువు తెచ్చి చూడవలెను. మదర్‌బోర్డుపై గుండ్రని కెపాసిటర్ల తలలు ఉబ్బియున్నవేమో, జిగట కారినదేమో కూడ చూడవలెను. 2000 తరువాతి కొన్ని సంవత్సరములలో తయారైన బోర్డులలో నాసి కెపాసిటర్ల వలన ఈ జబ్బు ప్రపంచమంతట కనపడినది. సోల్డరింగు తెలిసినవారు వానిని మార్చి బోర్డును బ్రతికింపగలరు.

ఇన్ని చేసియు ఫలితము లేనిచో దుకాణమునకు పోవచ్చును. పోవుటకు ముందు హార్డు డిస్కును విప్పి ఇంటనే ఉంచుకొనవలెను. బొమ్మ రానంత మాత్రమున నివేదిక పోలేదు, అది డిస్కులో సాధారణముగా భద్రముగానే ఉండును. దానిని మరియొక కంప్యూటరునకు తగిలించి ఫైళ్లు తీసికొనవచ్చును. విండోస్‌లో బిట్‌లాకర్ రక్షణ ఉన్నచో 48 అంకెల రికవరీ తాళము అడుగును. మైక్రోసాఫ్ట్ ఖాతాతో విండోస్‌లోకి ప్రవేశించిన వారికి ఆ తాళము ఆ ఖాతాలోనే దొరకవచ్చును. యంత్రము బాగున్న రోజుననే దానిని చూచి నోటు పుస్తకములో వ్రాసికొనిన విద్యార్థికి నివేదిక సమర్పించుటకు మిత్రుని కంప్యూటరు ఒక పూట దొరికినను చాలును.